ఏడు రాత్రులనుకున్నది ఐదయింది: చెవిలో జోరీగతో నా మొదటి టెక్నో టూర్

2025 మే నెలలో డీజేగా నా మొదటి టూర్ అయిపోయింది, నేను వేసేది టెక్నో, అంటే డ్రమ్ మెషిన్లతో, సింథ్‌లతో చేసే డాన్స్ మ్యూజిక్. నాలుగు వీకెండ్లు, ఏడు క్లబ్బులు అని మొదలుపెట్టి ఐదు చోట్లే ప్లే చేశా, ఆ మిగతా రెండూ ఎందుకు పోయాయో చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నా. వెళ్లేముందు నేను ఎంత వెతికినా మిక్సింగ్ (ఒక ట్రాక్‌లోకి ఇంకో ట్రాక్ కలపడం) గురించి, ఏ మిక్సర్ (ట్రాకుల్ని కలిపే బోర్డు) మంచిది, ఏ కంట్రోలర్ మంచిది ఇవే దొరికాయి గానీ టూర్‌లో రోజు ఎలా గడుస్తుంది, ఒళ్లు ఏమవుతుంది, డబ్బు ఎప్పుడొస్తుంది అని ఎవరూ రాయలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసేస్తున్నా.

మొదలు రికార్డ్‌తో అయింది. 2023 అక్టోబర్‌లో నాలుగు ట్రాకులు చేసి ఒక 40 లేబుల్స్‌కి, అంటే రికార్డులు వేసే కంపెనీలకి పంపా, ముగ్గురు రిప్లై ఇచ్చారు, అందులో ఇద్దరు వద్దన్నారు. మూడో ఆయన ఫిబ్రవరిలో సరే అన్నాడు, వినైల్ కూడా వేద్దాం, 300 కాపీలు అన్నాడు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఎనిమిది నెలలు ఎదురుచూడటమే పని. ఏప్రిల్‌లో మాస్టరింగ్‌కి (రికార్డ్ వేసేముందు సౌండ్‌కి చేసే చివరి సవరణ) పంపితే ఇంజనీర్ వెనక్కి పంపాడు, బేస్ స్టీరియోలో వెడల్పుగా ఉంది, ఇలా కోస్తే సూది గాడిలో నిలబడదు, కింద ఉన్నదంతా మోనో (రెండు వైపులా ఒకటే సౌండ్) చేసి పంపు అని. చేసి పంపా. ఆగస్ట్‌లో టెస్ట్ ప్రెసింగ్, అంటే అన్నీ వేసేముందు విని చూసుకోవడానికి వేసే కాపీ వచ్చింది, తెల్ల లేబుల్ మీద ఏమీ రాసి లేదు, దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. అక్టోబర్ 2024లో రిలీజ్ అయింది. పంపిన రోజు నుంచి లెక్కేస్తే ఏడాది.

2025 జనవరి 8న ఒక బుకింగ్ ఏజెంట్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మీ రికార్డ్ మా ఆర్టిస్ట్ ఒకరు ప్లే చేస్తున్నారు, మే నెలలో కొన్ని డేట్లు కుదురుస్తాను, ఇంట్రెస్ట్ ఉందా అని. నేను పది నిమిషాల్లో రిప్లై ఇచ్చేశా, కాసేపు ఆగాల్సింది. ఎందుకంటే ఆ హడావుడిలో డీల్ గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. ఈ ఫీల్డ్‌లో డీల్స్ రెండు రకాలు. ఫీజు వేరు, ఫ్లైట్ హోటల్ కారు ప్రమోటర్ (షో పెట్టే మనిషి) పెట్టుకోవడం ఒక రకం. ఆల్ ఇన్ అంటే అన్నీ కలిపి ఒకే అమౌంట్, అందులోంచే నీ టికెట్లు నువ్వే కొనుక్కోవాలి. నాకు ఏడింటిలో ఐదు ఆల్ ఇన్. అప్పుడు ఫీజు నంబర్ చూసి సంబరపడ్డా గానీ ఆ నంబర్‌లో టికెట్లు కూడా ఉన్నాయన్న సంగతి మార్చిలో రేట్లు చూసేదాకా తలకెక్కలేదు. ఏజెంట్ నన్ను మోసం చేసిందేమీ లేదు, కాంట్రాక్ట్‌లో స్పష్టంగానే ఉంది, నేనే సరిగ్గా చదవలేదు. సగం ఫీజు ముందు డిపాజిట్, సగం షో రోజు లేదా తర్వాత. ఆర్టిస్ట్ క్యాన్సిల్ చేస్తే డిపాజిట్ వెనక్కివ్వాలి అన్న లైన్ కూడా అందులోనే ఉంది, దాన్ని అప్పుడు చదివి వదిలేశా, తర్వాత కంఠతా వచ్చింది.

వీసా పేపర్లకి ఆరు వారాలు పట్టింది. ఆ టైంలో రోజూ రాత్రి ప్రాక్టీస్, పగలు ట్రాకులు సర్దుకోవడం. దాదాపు 400 ట్రాకులు రికార్డ్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో అనలైజ్ చేసి, బీట్‌గ్రిడ్ (బీట్ ఎక్కడెక్కడ పడుతుందో చూపే గీతలు) ఒక్కోదానికి చేత్తో సరిచేసి, మూడు పెన్‌డ్రైవ్‌లలో ఒకేలా ఎక్కించుకున్నా. పెన్‌డ్రైవ్ సంగతి ఒకటి చెప్పాలి, మూడింటినీ ఎఫ్ఏటీ32లోనే ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్‌లో చేస్తే కొత్త ప్లేయర్ (పెన్‌డ్రైవ్‌లోంచి ట్రాకులు ప్లే చేసే మెషిన్) తీసుకోవచ్చేమో గానీ సీడీజే-2000 నెక్సస్ 2 లాంటివి దాన్ని గుర్తుపట్టవు, వెళ్లే క్లబ్‌లో ఏ ప్లేయర్ ఉంటుందో ముందు రోజు దాకా గ్యారంటీ ఉండదు. నా రైడర్‌లో (బూత్‌లో ఏమేం ఉండాలో క్లబ్‌కి ముందే ఇచ్చే లిస్ట్) కొత్త ప్లేయర్లు సీడీజే-3000 మూడు కావాలని రాశాం. ఐదు చోట్లలో రెండు చోట్లే అవి ఉన్నాయి.

మే 2 శుక్రవారం మొదటి షో. నాది వార్మప్ స్లాట్, అంటే హెడ్‌లైనర్‌కి (ఆ రాత్రి ముఖ్యమైన డీజే) ముందు ప్లే చేసేది, 11 నుంచి 1 దాకా. పొద్దున 5కి ఇంట్లోంచి బయల్దేరి రెండు ఫ్లైట్లు మారి సాయంత్రం 6కి హోటల్‌కి చేరా. పడుకుందామని పడుకున్నా గానీ ఒక్క నిమిషం కన్ను మూతపడలేదు. 9:30కి కారు వచ్చింది.

లోపలికెళ్లి మిక్సర్ చూడగానే గుండె జారిపోయింది. నేను ఇన్నేళ్లూ నేర్చుకున్నది మూడు బ్యాండ్ల ఈక్యూ (బేస్, మధ్య, పై శబ్దాల్ని విడివిడిగా తగ్గించే నాబ్‌లు) ఉన్న డీజేఎం మిక్సర్ మీద. అక్కడున్నది జోన్ 92. చాలా మందికి ఇష్టమైన మిక్సర్ అది, సౌండ్ కూడా ఎంతో బాగుంటుంది, కానీ దానికి ఈక్యూ నాలుగు బ్యాండ్లు. బేస్ తీయాలంటే నా చెయ్యి అలవాటు కొద్దీ పైనుంచి మూడో నాబ్ మీదకి పోతుంది, అది జోన్‌లో లో-మిడ్, అంటే బేస్‌కి కాస్త పైది. మొదటి మూడు ట్రాకులు కలిపేటప్పుడు రెండు కిక్‌లు (ధమ్ ధమ్ అని పడే డ్రమ్ దెబ్బలు) ఒకదాని మీద ఒకటి పడి బురదలా అయిపోయింది, బేస్ తీశాను కదా ఎందుకిలా అని నాబ్ వైపు చూస్తే తీసింది వేరేది. అప్పటికి గదిలో ఓ ముప్పై మంది ఉన్నారేమో, బార్ దగ్గరే నిలబడి మాట్లాడుకుంటున్నారు, ఎవరికీ ఏమీ తెలిసినట్టు లేదు, అయినా నాకు మాత్రం అరచేతులు చెమటతో జారిపోతున్నాయి. అక్కణ్నుంచి ప్రతిసారీ చెయ్యి పెట్టేముందు కళ్లతో చూసి, నాలుగోది నాలుగోది అనుకుంటూ తిప్పా.

వార్మప్ అంటే చిన్న పని అనుకునేవాణ్ని. కానే కాదు. ఇంట్లో తయారు చేసుకున్న సెట్ 136 బీపీఎంలో (నిమిషానికి 136 బీట్లు) మొదలవుతుంది, అది ఆ ఖాళీ గదిలో వేస్తే ఉన్నవాళ్లు కూడా బయటికి పోతారు. 126లో మొదలుపెట్టా. పెద్ద బ్రేక్‌డౌన్ (డ్రమ్స్ ఆగి, జనాన్ని ఊరించి మళ్లీ పడే భాగం) ఉన్న ట్రాకులన్నీ పక్కన పెట్టేశా, ఎందుకంటే నా తర్వాత వచ్చేవాళ్లకి కొంత మిగల్చాలి కదా, అంతా నేనే ఖర్చు చేసేస్తే వాళ్లేం చేస్తారు. 12:20 ఆ ప్రాంతంలో వెనక్కి తిరిగి చూస్తే హెడ్‌లైనర్ గోడకి ఆనుకుని నిలబడి వింటోంది. 1 గంటకి నేను 131లో వదిలా, తను చివరి ట్రాక్ మీదే మెల్లగా కలుపుకుంటూ ఎక్కింది. థాంక్యూ, నాకు చోటు వదిలావు అంది. ఆ ఒక్క మాటకి ఆ రోజు ప్రయాణం అంతా మర్చిపోయా.

మొదటి రాత్రే ఇంకోటి తెలిసింది. నా ట్రాక్‌లో కిక్ కింద ఒక రంబుల్ ఉంటుంది, అంటే కిక్‌కి రివర్బ్ పెట్టి దాని పైభాగం కోసేసి, ప్రతి కిక్‌కీ అది కిందకి తగ్గేలా సైడ్‌చెయిన్ చేస్తాం, టెక్నోలో ఆ గురగుర అంతా దాన్నుంచే వస్తుంది. నా రూమ్‌లో అది చక్కగా వినిపించేది. క్లబ్‌లో ఆ రంబుల్ గది మొత్తాన్ని నింపేసి మిగతా దేన్నీ వినపడనివ్వలేదు. 50 హెర్ట్జ్ అంటే ఒక్కో అల దాదాపు 7 మీటర్ల పొడవు, నా రూమే అంత లేదు, అందుకే అక్కడ నాకు నిజం తెలిసే అవకాశమే లేకపోయింది. రాత్రి 3కి హోటల్‌కి వచ్చి నిద్ర పట్టక లాప్‌టాప్ తీసి ఆ రంబుల్ తగ్గించి కొత్త వెర్షన్ ఎక్స్‌పోర్ట్ చేసి మూడు పెన్‌డ్రైవ్‌లలోనూ పెట్టుకున్నా. దీని సంగతి మళ్లీ వస్తుంది.

మే 3. నిద్ర రెండు గంటలు. 11కి చెకౌట్, మధ్యాహ్నం రైలు, సాయంత్రం ఇంకో ఊరు. స్లాట్ 1 నుంచి 3:30. సౌండ్‌చెక్ 8కి అన్నారు గానీ డ్రైవర్ 10:30కి వచ్చాడు, వెళ్లేసరికి డోర్లు తెరిచేశారు, వేరే డీజే ప్లే చేస్తున్నాడు. నేను ఎక్కి హెడ్‌ఫోన్ పెట్టుకుని బూత్ మానిటర్ (డీజే నిలబడే బూత్‌లో మన వైపు తిరిగి ఉండే స్పీకర్లు) నాబ్ తిప్పితే సౌండ్ లేదు. ఇంకొంచెం తిప్పా. లేదు. ముందున్న డీజే భుజం తట్టి, అవి రెండూ పోయాయి, సాయంత్రం నుంచి లేవు అన్నాడు. ఇంజనీర్‌ని పిలిస్తే యాంప్ కాలిపోయింది, ఈ రాత్రికి ఏం చేయలేం అన్నాడు.

బూత్ మానిటర్ లేకపోతే ఏమవుతుందో అనుభవం లేనివాళ్లకి చెప్తా. పెద్ద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి, మనకి వినపడేది అవతలి గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది, లేదా దూరం నుంచి వచ్చేది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే వెళ్తుంది. 12 మీటర్లు దాటి రావాలంటే 35 మిల్లీసెకన్లు ఆలస్యం. 136 బీపీఎంలో ఒక్కో బీట్ 441 మిల్లీసెకన్లు, అందులో 35 అంటే చిన్న సంగతి కాదు. హెడ్‌ఫోన్‌లో కొత్త ట్రాక్ కిక్ సరిగ్గా పడుతున్నా గదిలోంచి వచ్చే కిక్ లేటుగా వస్తుంది, దాన్ని నమ్మి జరిపితే జనానికి రెండు కిక్‌లు గుర్రం పరిగెత్తినట్టు టకటకమని వినిపిస్తాయి. సింక్ (రెండు ట్రాకుల బీట్ దానంతటదే కలిపే బటన్) నొక్కుకోవచ్చు కదా అంటారేమో, అక్కడ ప్లేయర్లని కలిపే లింక్ కేబుల్ కూడా లేదు. స్క్రీన్ మీద టెంపో నంబర్ రెండింటికీ ఒకటే ఉన్నా కిక్ మీద కిక్ పడుతోందా లేదా చెప్పాల్సింది చెవే.

అందుకని మోనో స్ప్లిట్ పెట్టా. ఎడమ చెవిలో రాబోయే ట్రాక్, కుడి చెవిలో బయటికి వెళ్తున్న ట్రాక్, రెండూ హెడ్‌ఫోన్‌లోనే, అప్పుడు ఆలస్యం ఉండదు. మిక్సింగ్ బాగానే కుదిరింది. కానీ గదిలో శబ్దం అంత ఉంటే హెడ్‌ఫోన్ అంతకు మించి పెంచాలి. పెంచా. అరగంటకి చెవి అలవాటు పడిపోయి తక్కువనిపించింది, ఇంకా పెంచా. 2:30కి నాబ్ దాదాపు చివరిదాకా పోయింది. కుడి వైపు మధ్యమధ్యలో తీసేవాణ్ని, ఎడమది మాత్రం రెండున్నర గంటలూ చెవికి నొక్కిపెట్టే ఉంచా. ఇక్కడ బాధ కలిగించేది ఏంటంటే ఆ రాత్రి షో చాలా బాగా జరిగింది. జనం ఊగిపోయారు, చివర్లో ఆపొద్దని బూత్ ముందు చెక్క మీద చేతులతో కొట్టారు, ప్రమోటర్ ఇంకో 20 నిమిషాలు ఇచ్చాడు. నేను అంత ఆనందంగా ఎప్పుడూ లేను. ఆ 20 నిమిషాలు కూడా హెడ్‌ఫోన్ అలాగే ఉంది.

4:30కి హోటల్ రూమ్ తలుపు వేయగానే ఎడమ చెవిలో కీఁ... అని. షో తర్వాత చెవులు కాస్త గింగురుమనడం అందరికీ తెలిసిందే, పడుకుంటే పోతుంది అనుకున్నా. 11కి లేచా. పోలేదు. పైగా ఆ చెవితో ఫోన్ మాట్లాడితే అవతలి గొంతు దుప్పటి కప్పినట్టు ఉంది. అమ్మ ఫోన్‌లో నిద్రపోయావా నాన్నా అంటే సగం వినపడక ఫోన్ ఇటు మార్చుకున్నా. ఆదివారం పోయింది, సోమవారం పోయింది. చెవిలో జోరీగ అని మనం మాట వరసకి అంటాం చూడండి, నాకు అది అక్షరాలా అదే అయింది. పగలు రోడ్డు మీద తెలిసేది కాదు. రాత్రి లైట్ ఆపగానే గదంతా అదే. ఏ స్వరం అని కూడా కనిపెట్టా, సింథ్‌లో సైన్ వేవ్ (ఒకే స్వరం మోగే శబ్దం) పెట్టి జరుపుతూ పోతే 4000 హెర్ట్జ్ దాటాక ఎక్కడో కలిసింది. అది కనిపెట్టాక ఇంకా భయమేసింది, హైహ్యాట్ (చిన్న తాళాల్లాంటి డ్రమ్ శబ్దం), క్లాప్ (చప్పట్ల శబ్దం), ఇవన్నీ పదునుగా వినపడేది ఆ చుట్టుపక్కలే కదా.

మే 7 బుధవారం చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లా. బయట రెండు గంటలు కూర్చున్నా. ఆడియోగ్రామ్ అంటే చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి చిన్న చిన్న బీప్‌లు వినిపిస్తారు, వినపడితే బటన్ నొక్కాలి. నా జీవితం అంతా హెడ్‌ఫోన్ పెట్టుకునే గడిచింది, కానీ అంత భయంగా ఎప్పుడూ పెట్టుకోలేదు. ఎడమ చెవి టెస్ట్‌లో ఒక దగ్గర చాలాసేపు ఏమీ వినపడలేదు, మెషిన్ ఆగిందేమో అనుకున్నా, తలెత్తి చూస్తే గాజు అవతల ఆవిడ నాబ్ పెంచుతూనే ఉంది.

కాగితం మీద కుడి చెవి గీత పైన సాఫీగా ఉంది. ఎడమది 4000 దగ్గర గుంటలా 35 డెసిబెల్‌కి దిగి మళ్లీ పైకి వచ్చింది, అంటే అక్కడ అంత పెంచితే గానీ నాకు వినపడలేదు. పెద్ద శబ్దం వల్ల దెబ్బ తింటే ఇలాగే ఉంటుంది అన్నారు డాక్టర్. ఎంత శబ్దంలో ఉంటారు అని అడిగితే ఫోన్ యాప్‌లో ఒకసారి బూత్‌లో 103 చూశానని చెప్పా. ఆవిడ ఆ కాగితం వెనకే రాసి చూపించారు, 85 డెసిబెల్ అయితే రోజుకి 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్‌కి టైం సగం. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి పావుగంట, 103కి ఏడున్నర నిమిషాలు. నేను రెండున్నర గంటలకి పైగా ఉన్నా, హెడ్‌ఫోన్ దానికి అదనం. ఇది తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, ఈ రోజు చెప్పలేను, ఈ వారం మాత్రం పెద్ద శబ్దంలోకి వెళ్లొద్దు, వారం తర్వాత మళ్లీ టెస్ట్ చేద్దాం అన్నారు.

ఎల్లుండి శుక్రవారం షో, శనివారం ఇంకోటి.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఓ గంట ఏజెంట్‌కి మెసేజ్ టైప్ చేస్తూ చెరిపేస్తూ ఉన్నా. చెప్తే ఇంకెప్పుడూ పిలవరేమో, మొదటి టూర్‌లోనే క్యాన్సిల్ చేసినవాడు అని పేరు పడిపోతుందేమో, చెవిలో దూది పెట్టుకుని లాగించేద్దామా అని కూడా అనుకున్నా, నిజం చెప్తున్నా. చివరికి కాల్ చేశా, చెప్తుంటే గొంతు పట్టేసింది. ఆవిడ రెండు సెకన్లు ఆగి, ఆడియోగ్రామ్ ఫొటో పంపండి, ప్రమోటర్లతో నేను మాట్లాడతా, మీరు వెళ్లి పడుకోండి అన్నారు. అంతే. నేను ఊహించుకున్న గొడవ ఏదీ జరగలేదు. తర్వాత తెలిసింది, ఆవిడ లిస్ట్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి చెవుల సమస్య ఉందట, బయటికి చెప్పుకోరు. రెండు డిపాజిట్లూ వెనక్కిచ్చా, టికెట్ డబ్బులు నావే పోయాయి, రిఫండ్ లేని టికెట్లు కొన్నా కాబట్టి. ఒక ప్రమోటర్ త్వరగా కోలుకోండి, సెప్టెంబర్‌లో చూద్దాం అని రాశాడు. రెండో ఆయన నుంచి ఇప్పటికీ ఒక్క మాట లేదు.

అదే బుధవారం చెవి అచ్చులు కూడా తీయించుకున్నా. ముందు లోపలికి దారం కట్టిన చిన్న స్పాంజ్ పెట్టి, తర్వాత చల్లటి మెత్తటి ముద్దని చెవి నిండా ఎక్కిస్తారు, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఆ ఐదు నిమిషాలు బయట ఏమీ వినపడదు, కీఁ ఒక్కటే వినపడుతుంది. దాన్ని బట్టి సిలికాన్ ప్లగ్స్ చేస్తారు, ఫిల్టర్ 9, 15, 25 డెసిబెల్ ఉంటాయి, నేను 15 తీసుకున్నా. మామూలు ఫోమ్ ప్లగ్స్ పెడితే పైన ఉన్న మెరుపు పోయి బేస్ ఒక్కటే మిగులుతుంది, ఇవి అయితే అన్నీ సమానంగా తగ్గుతాయి. రెడీ అవడానికి రెండు వారాలు. ఈ పని నేను జనవరిలో చేసి ఉండాల్సింది, ఫ్లైట్ టికెట్ ఒకటి పెట్టే ఖర్చే అయింది.

వారం రోజులు పాటలు వినలేదు. నాకు గుర్తున్నంతవరకు పాట లేకుండా అన్ని రోజులు నేనెప్పుడూ లేను. ఫ్యాన్ ఆన్ చేసి పెట్టుకుంటే ఆ మోతలో జోరీగ కలిసిపోయి నిద్ర పట్టేది. మే 15న మళ్లీ టెస్ట్. ఈసారి గాజు గదిలో అదే దగ్గర బీప్ వినిపించింది, చాలా చిన్నగా, కానీ వినిపించింది, బటన్ నొక్కుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. గుంట 35 నుంచి 20 డెసిబెల్‌కి తగ్గింది. ఇంకొన్నాళ్లు ఆగితే మంచిది, వెళ్లక తప్పదంటే ప్లగ్స్ తీయకుండా, హెడ్‌ఫోన్ వీలైనంత తక్కువలో, గంటకోసారి బయటికొచ్చి అని డాక్టర్ ఒప్పుకున్నారు.

మే 16 షోకి షాపులో దొరికే రెడీమేడ్ ఫిల్టర్ ప్లగ్స్‌తో వెళ్లా. బూత్‌లో పాత సీడీజే-2000 నెక్సస్‌లు. అంతా బాగానే నడుస్తోంది, మధ్యలో ఆ హోటల్ రూమ్‌లో సరిచేసుకున్న నా కొత్త వెర్షన్ లోడ్ చేశా. స్క్రీన్ మీద ఈ-8305 అని వచ్చి ఆగిపోయింది. నేను లాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ 96 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుని చేసి, నిద్రమత్తులో అలాగే ఎక్స్‌పోర్ట్ కొట్టేశా, ఆ పాత ప్లేయర్ వేవ్ ఫైల్ 48 దాకానే తీసుకుంటుంది. మూడు పెన్‌డ్రైవ్‌లూ ఒకేలా ఉన్నాయి కాబట్టి మూడింటిలోనూ అదే తప్పు. అవతలి ట్రాక్‌లో ఇంకా 90 సెకన్లే ఉన్నాయి. వేరే ట్రాక్ వెతికి వేశా, బయటికి ఎవరికీ తెలియలేదు. హోటల్‌కి వెళ్లి 44.1లో, 16 బిట్‌లో మళ్లీ చేశా, అప్పట్నుంచి ఏ ఫైల్ అయినా అదే ఫార్మాట్. మే 17 గురించి పెద్దగా రాయడానికి లేదు, చిన్న గది, మంచి మానిటర్లు, మర్యాదస్తులైన మనుషులు, రెండు గంటలు ప్లే చేసి వచ్చి పడుకున్నా.

మే 21న నా ప్లగ్స్ వచ్చాయి. పెట్టుకుని మాట్లాడితే నా గొంతు నాకే బావిలోంచి వచ్చినట్టుంది, రెండు రోజులు ఇంట్లో అవి పెట్టుకునే ప్రాక్టీస్ చేశా. వాటి మీదే హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు, కొంచెం అసౌకర్యమే గానీ అలవాటైపోతుంది.

మే 24 శనివారం రాత్రి, అంటే ఆదివారం తెల్లవారుజామున 4 నుంచి 7, క్లోజింగ్, అంటే ఆ రాత్రికి చివరి సెట్. ఈసారి నేను డోర్లు తెరవకముందే వెళ్లి మానిటర్లు రెండూ నా చేత్తో చెక్ చేసుకున్నా. సాయంత్రం 7 నుంచి 2 దాకా పడుకున్నా కూడా, టూర్ మొత్తంలో అదొక్క రోజే సరిగ్గా నిద్రపోయా. బూత్ ఎక్కగానే మానిటర్ సగానికి తగ్గించేశా.

ప్లగ్స్ పెట్టుకుని అంత పెద్ద సిస్టమ్ ముందు నిలబడటం అదే మొదలు. బేస్ తగ్గిపోతుందేమో అని భయపడ్డా, అస్సలు లేదు, బేస్ చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది, కాళ్ల కింద చెక్కకి తెలుస్తుంది. తేడా అంతా పైన తెలిసింది. ఇన్నాళ్లూ క్లబ్‌లో హైహ్యాట్ అంటే నాకు ఒక మంట లాగా ఉండేది, ఇప్పుడు క్లోజ్డ్ హ్యాట్ ఎక్కడ పడుతోంది, ఓపెన్ హ్యాట్ ఎప్పుడు దాన్ని కోస్తోంది, షేకర్ ఎంత వెనక ఉంది అన్నీ విడివిడిగా వినిపించాయి. కిక్‌కి కిక్‌కి మధ్య ఖాళీ వినిపించింది. టీఆర్-909 అని 1983లో వచ్చిన డ్రమ్ మెషిన్ మోతని నేను పదేళ్లుగా వింటున్నా, దాని ఓపెన్ హ్యాట్ చివర్లో చిన్న గరగర ఉంటుందని ఆ రోజే విన్నా.

5 దాటాక సగం మంది వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు మాత్రం మిగలాలనే మిగిలినవాళ్లు. వాళ్ల ముందు తొందర పడక్కర్లేదు. ఒక్కో మిక్స్ నాలుగేసి నిమిషాలు పట్టనిచ్చా, రెండు ట్రాకులు కలిసి మూడో ట్రాక్ లాగా నడిచేవి. 6:20కి నా ట్రాక్ వేశా, సరిచేసిన వెర్షన్. లైట్లు చూసే అతను ఏమనుకున్నాడో ఏమో ఒక్క ఎర్ర లైట్ ఉంచి అన్నీ ఆపేశాడు. బూత్‌కి ఎదురుగా ఒకమ్మాయి కళ్లు మూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఉన్నచోటే ఊగుతోంది. రంబుల్ ఈసారి గదిని ముంచేయలేదు, కిక్ కింద చాపలా పరుచుకుని ఉంది. నేను బేస్ నాబ్ మెల్లగా తీసి పదహారు బార్లు ఆపి మళ్లీ ఇచ్చా, అందరి నోట్లోంచి ఒకేసారి చిన్న శబ్దం వచ్చింది, కేక కాదు, ఊపిరి వదిలినట్టు. దానికోసమే కదా ఇదంతా అనిపించింది నాకు.

7:05కి ఆపాం. ప్లగ్స్ తీసి అక్కడే మెట్ల మీద కూర్చుని విన్నా. ఐస్ బకెట్లు ఖాళీ చేస్తున్న చప్పుడు, ఎవరో చీపురుతో గ్లాసు ముక్కలు ఊడుస్తున్న చప్పుడు. రెండు చెవులకీ ఒకేలా వినిపిస్తోంది.

ఇక డబ్బుల లెక్క. ఫీజు మొత్తం వంద అనుకుంటే ఏజెంట్‌కి 15. రెండు చోట్ల టాక్స్ అక్కడే కోసుకుని ఇచ్చారు, అది 11 పోయింది. టికెట్లు, రైళ్లు, ఆల్ ఇన్‌లో హోటళ్లు, వీసా కలిపి 55. మిగిలింది 19. క్యాన్సిల్ అయిన వాటి టికెట్లు, డాక్టర్, ప్లగ్స్ అందులోంచే పెట్టుకున్నా, కాబట్టి ఐదు రాత్రులకి చేతిలో మిగిలింది దాదాపు సున్నా. చివరి షో మిగతా సగం ఫీజు రావడానికి 47 రోజులు పట్టింది, జూలై 10న వచ్చింది, నాలుగుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది. బయల్దేరే ముందు రెండు నెలల ఖర్చులు చేతిలో పెట్టుకోకపోతే నేను అప్పు చేయాల్సి వచ్చేది.

జూన్ చివర్లో మూడో ఆడియోగ్రామ్ చేయించా. గుంట 15 డెసిబెల్‌కి వచ్చి ఆగింది, అది నార్మల్‌లోకే వస్తుంది అన్నారు. జోరీగ మాత్రం పూర్తిగా పోలేదు, బాగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎడమ వైపు సన్నగా ఉంటుంది, ఉండిపోవచ్చు కూడా అన్నారు. మొదట్లో దాన్ని వెతుక్కుంటూ పడుకునేవాణ్ని, ఇప్పుడు కొన్ని రాత్రులు అసలు గుర్తు రావట్లేదు. స్టూడియోలో వాల్యూమ్ మనిషి మామూలుగా మాట్లాడితే వినపడేంత మాత్రమే పెడుతున్నా, గంటకి పది నిమిషాలు ఆపేస్తున్నా.

సెప్టెంబర్ డేట్లు రెండు కన్ఫర్మ్ అయ్యాయి, అందులో ఒకటి మేలో క్యాన్సిల్ చేసిన క్లబ్బే. మొన్న ఏజెంట్ కొత్త రైడర్ పంపి ఏమైనా మార్చాలా అని అడిగారు. పాతదాంట్లో మొదటి లైన్ ప్లేయర్లు ఏవి కావాలో ఉండేది. దాన్ని కిందకి జరిపి మొదటి లైన్‌గా ఇది పెట్టించా: బూత్ మానిటర్లు రెండు, డోర్లు తెరవడానికి కనీసం గంట ముందు ఆర్టిస్ట్ సమక్షంలో చెక్ చేయాలి, పనిచేయకపోతే సెట్ మొదలవ్వదు.